దవడ కింద రెండు ముక్కలు

పోయిన వారం మనం రంగెల్‌ని సొజొపోల్ రేవు పక్కన, వేసవి దాకా అతిథులకు తలుపు తీయని హోటలు వరండాలో వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. సిగరెట్టు కోసమని బయటికొచ్చిన ముసలి స్టామెన్ అతని చెవి దగ్గర నోరు పెట్టి, "పోయినేడు మీ బావ పట్టుకున్న ముక్కలు నేను చూశానోయ్," అన్నాడు. అని, అగ్గిపుల్ల ఊదేసి లోపలికి పోయాడు. సిగరెట్టు వెలిగించుకోనే లేదు. రంగెల్‌ని వెలిగించి పోయాడు.

ఏమిటా ముక్కలు అంటే చెప్పడు. చెప్పకూడదు కూడా. రేవు పేకాట సంఘంలో ఒక కట్టు ఉంది. మూసి పారేసిన ముక్కలు చచ్చిన ముక్కలు. పోటీలో కూర్చున్నవాడు వాటి ఊసెత్తకూడదు. ఓడిపోయి కుర్చీలోంచి లేచినవాడు ఏమైనా చెప్పుకోవచ్చు. లేచినవాడికి నోరు, కూర్చున్నవాడికి తాళం. పోయినేడు పోటీ మధ్యలో ఆగిపోయింది గనుక స్టామెన్ ఆ కుర్చీలోంచి ఇంకా లేవనట్టే లెక్క. ఓడల్లో వంటవాడిగా జీవితమంతా మూత తీసి రుచి చూసిన మనిషి, ఏడాదిపాటు మూత తీయకుండా కూర్చున్నాడంటే మాటలు కాదు. నిజంగానే మాటలు కాదు.

ఆగిపోయిందని అన్నానుగా. ఆగింది రంగెల్ బావ నెద్యాల్కో వల్లే. మార్చి నెల, సాయంత్రం విరామం. గాలి పీల్చుకొస్తానని వెళ్ళి రేవు మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఎవరి పందెం బిళ్ళలు వాళ్ళ గుడ్డసంచుల్లో పోసి, మూతి కట్టి, బీరువాలో పెట్టారు. సంవత్సరికం నాడు, అంటే ఇవాళ, అందరివీ విప్పారు. పోయినవాడి సంచీ కూడా విప్పాలి, అదీ సంఘం కట్టే. అతని కుర్చీ ముందు అతని బిళ్ళలు పేర్చారు. ప్రతి ఆటలో అతనికీ రెండు ముక్కలు పంచుతారు. వంతు వచ్చినప్పుడు అతని కుప్పలోంచే గుడ్డి పందెం తీస్తారు. గుడ్డి పందెమంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం. కళ్ళు మూసినవాడికి అంతకంటే తగిన పందెం ఏముంటుంది? అలా కుప్ప కరిగేదాకా మనిషి బల్ల దగ్గర ఉన్నట్టు. కరిగాక పోయినట్టు.

ఈ ఏడు పంచే పని నేనే చేస్తానని పట్టుబట్టింది నెద్యాల్కో కూతురు లజరీనా. ఖాళీ కుర్చీకి రెండు ముక్కలు వేస్తుంది, వాటిమీద ఒక ప్లాస్టర్ దవడ పెడుతుంది, వంతు రాగానే దవడ తీసి, ముక్కలు తిప్పి చూడకుండా పక్కన పడేస్తుంది. అవును, దవడే. నెద్యాల్కోకు పై వరసలో కట్టుడు పళ్ళు పెట్టేటప్పుడు రంగెల్ తీసిన అచ్చు. "నా ముక్కలకి నా పళ్ళే కాపలా," అంటూ దాన్ని అడిగి పట్టుకుపోయి, ఎవరి చెయ్యీ తగలకుండా తన ముక్కలమీద బరువుగా వాడుకునేవాడు. ఇవాళ దానికి, ఈ నెలలో ఊరంతా చేతికి కట్టుకునే, ఎర్ర దారం, తెల్ల దారం పేనిన మార్చి తోరం చుట్టి ఉంది. కూతురి పని. పళ్ళికిలించుకుని, తోరం కట్టుకుని, వసంతం కోసం ఎదురుచూస్తున్నట్టుంది ఆ దవడ. చూపంతా రంగెల్ వైపే. దవడకు కళ్ళుండవన్న సంగతి రంగెల్‌కు తెలుసు, అది అతని వృత్తి. అయినా చూపు అతని వైపే.

సొజొపోల్లో పన్ను ఎగ్గొట్టేవాళ్ళకు కొదవ లేదు. పన్ను కట్టేవాడు మాత్రం రంగెల్ ఒక్కడే. పై వరస, కింది వరస, అరవరస, ఏది కావాలన్నా అతని దగ్గరికే రావాలి. ఊళ్ళో సగంమంది నవ్వు అతని చేతి పనే. అలాంటి మనిషి తను మాత్రం ఏడాదిగా నవ్వలేదు. కారణం నెద్యాల్కో పళ్ళ కట్టు.

ఆ కట్టు కొంచెం వదులు. నాలుకతో పైకి నొక్కితే టక్కుమనేది. నెద్యాల్కో దాన్ని అబద్ధం చెప్పేటప్పుడు నొక్కేవాడు, తనకే తెలియకుండా. పెళ్ళాంతో "ఒక్క గ్లాసేనే," టక్. అద్దెకొచ్చినవాళ్ళతో "పైకప్పు కారదండీ," టక్. పేకాటలో అయితే చెప్పనక్కరలేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరని లోకమంతా అడుగుతుంది. బావ నోట్లో గంట కట్టింది రంగెల్. ఒక్కసారి బిగిస్తే పోయేదానికి, కావాలనే బిగించలేదు. ఆ చప్పుడు విని లోలోపల మురిసిపోయేవాడు.

పోయినేడు అదే రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, నడవాలో నెద్యాల్కో గోడకు ఆనుకుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. మొహం మైనంలా ఉంది. ఏంటి బావా అంటే, "ఏం లేదురా, గుండెమంట. పొద్దున పొట్టపేగుల చారు తాగాగా, వెల్లుల్లి ఎక్కువైంది," అన్నాడు. టక్.

ఆ తర్వాత బల్ల దగ్గర, రంగెల్ చేతికి రెండు రాజులు వచ్చాయి. నెద్యాల్కో తన కుప్పంతా ముందుకు తోశాడు. తోసి, "ఆసులున్నాయిరా నా దగ్గర. పడెయ్, రంగెల్," అన్నాడు. టక్.

రంగెల్ పడేశాడు. రాజుల జతని, అందరికీ కనపడేలా తిప్పి, అబద్ధమని చెవులారా విని మరీ. రాజుల సొమ్ము రాళ్ళ పాలంటారు. ఈ రాజుల సొమ్ము ఒక చప్పుడు పాలయింది. ఊరంతా ఏమనుకుందంటే, వాడి భయం వాడిది, పెద్ద జత చేతికొస్తే ముందు వాడికే చెమట పడుతుంది కదా అనుకుంది. కాదు. సై అని బావ అబద్ధాన్ని పట్టుకుంటే, నడవాలో విన్న చప్పుడు కూడా అబద్ధమేనని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆట వదిలేసి, మనిషిని కారెక్కించుకుని బుర్గాస్ ఆసుపత్రికి పరిగెత్తాలి. అప్పుడు రంగెల్ ముందు కుప్ప ఇంతెత్తున ఉంది. కట్టు వదులైంది, ఊరికే మోగుతోంది, వచ్చేవారం బిగిద్దాం అనుకున్నాడు. అలా అనుకోవడం కోసమే రాజుల్ని పడేశాడు.

ఇప్పుడు అర్థమైంది కదా ఆ రెండు ముక్కలు ఎందుకంత కావాలో. అవి నిజంగానే ఆసులైతే, ఆ చప్పుడుకు అర్థం లేదు. కట్టు వదులు, అంతే. గుండెమంట అన్న మాటను నమ్మినందుకు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేరు. ఆసులు కాకపోతే? చప్పుడు నిజం చెప్పింది. రెండుసార్లూ చెప్పింది. రంగెల్ విన్నాడు.

ఏడాదిగా అతనికి ఈ లోకంలో ఆ చప్పుడు తప్ప ఇంకోటి వినపడటం లేదు. వరండాలోంచి హాల్లోకొచ్చి మళ్ళీ పేకాట బల్ల దగ్గర కూర్చుంటే మరీ ఘోరం. ఆలోచిస్తూ ఆలోచిస్తూ బిళ్ళల్ని వేళ్ళ మధ్య ఆడించడం అందరికీ అలవాటే. ఇటు టక్, అటు టక్. హాలంతా బావ నోరే.

"ఏంటోయ్ పళ్ళ డాక్టరూ, ముక్కలు చూస్తావా, వాటికీ అచ్చు తీస్తావా?" అన్నాడు స్టామెన్, ఖాళీ కుర్చీకి అవతలి పక్క నుంచి.

"డాక్టరు పీకుతాడు. నేను పెడతాను."

"మరి పెట్టవే. పొద్దుట్నుంచీ చూస్తున్నా, పెట్టడమూ లేదు, పీకడమూ లేదు."

మిగతావాళ్ళు నవ్వారు. లజరీనా నవ్వలేదు. "మాటలు కట్టిపెట్టి ఆడండి స్టామెన్ తాతా," అంది. పంచడం అయిపోయింది. గుడ్డి పందెం వంతు ఇవాళ చాలాసార్లు తిరిగి మళ్ళీ ఖాళీ కుర్చీ దగ్గరికే వచ్చింది. తండ్రి కుప్పలోంచి తీసి మధ్యలో పెట్టింది, దేవుడి దగ్గర కొవ్వొత్తి పెట్టినంత నెమ్మదిగా. ఆ కుప్ప ఇప్పుడు గుప్పెడంత ఉంది.

రంగెల్ తన ముక్కల మూల ఎత్తాడు. ఆఠీను రాజు. పక్కన డైమను రాజు.

ఏడాది తర్వాత మొదటిసారి. అదే హాలు, అదే కుర్చీ, పక్కన అదే దవడ. సముద్రం మీంచి వచ్చే ఎండ అద్దాల్లోంచి పడి బల్లమీది పచ్చగుడ్డ నాచుపట్టిన నీళ్ళలా ఉంది. రంగెల్ వీపు మీద చెమట బయలుదేరింది.

పెద్ద జతల గురించి నెద్యాల్కో పాఠం ఒకటుండేది. తాగినప్పుడు చెప్పేవాడు, తాగనప్పుడు మర్చిపోయేవాడు. "పెద్ద జత వచ్చిందనుకో, దాచుకోకురా. దాచుకుంటే జనం చేరతారు. పెళ్ళిలో పెళ్ళికూతురి చెప్పు లాంటిదది, పదిమంది మధ్యలో ఉంటే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు. గట్టిగా పెంచు. పెంచితే ఒక్కడు మిగులుతాడు. ఒక్కడితో అయితే కళ్ళలోకి చూసి ఆడొచ్చు." చెప్పి, కళ్ళలోకి చూసి, ఏదో ఒక అబద్ధం ఆడేవాడు. టక్.

ముందుగా ఆడాల్సింది స్టామెన్. పందెం పెంచాడు. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ముక్కలు పడేశారు. వంతు రంగెల్‌కు వచ్చింది. అతని చెయ్యి బిళ్ళల మీదికి పోయింది, ఆగింది, మళ్ళీ పోయింది. పిల్లికి పాలు పోసేవాడిలా మెల్లగా, స్టామెన్ పెంచినదానికి మూడింతలు ముందుకు జరిపాడు.

"ఓహో," అన్నాడు స్టామెన్. "పన్ను పెంచాడ్రోయ్."

తర్వాత వంతు ఖాళీ కుర్చీది. లజరీనా చెయ్యి చాపి దవడ ఎత్తబోయింది. ఎందుకో ఆగింది. రంగెల్ వైపు చూసింది.

"ఏం మావయ్యా, అలా చెమటలు?"

"ఏం లేదమ్మా. ఎండ."

ఆ మాట తన నోటి నుంచి వస్తుండగానే రంగెల్ దాన్ని గుర్తుపట్టాడు. ఏం లేదు. బావ అన్నదీ ఇదే మాట. నోట్లో కట్టు లేదు కాబట్టి సరిపోయింది గానీ ఉంటే మోగేది. లజరీనా దవడ తీసి పక్కన పెట్టి, తండ్రి ముక్కల్ని చూడకుండా పడేసింది.

స్టామెన్ తన కుప్పను రెండు చేతులతో పట్టుకుని మొత్తం ముందుకు తోశాడు. రంగెల్ కుప్పకంటే చిన్నదే. ఓడితే లేవాలి. తోసి, కుర్చీలో వెనక్కి వాలి, తన గొంతు కాని గొంతుతో అన్నాడు.

"ఆసులున్నాయిరా నా దగ్గర. పడెయ్, రంగెల్."

బల్ల చుట్టూ బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. లజరీనా చేతిలో పేక బిగుసుకుంది. మాటలు అవే. సాగదీయడం కూడా అదే. స్టామెన్ పోయినేడు అటుపక్క కూర్చున్నవాడే కదా, బాగా విన్నాడు.

"సిగ్గులేదా తాతా నీకు," అంది లజరీనా, చాలా మెల్లగా.

"ఆటలో సిగ్గెక్కడిదే. మీ నాన్నకి ఉండేదా?" అన్నాడు గానీ, ముసలాడి కళ్ళు బల్లకేసే ఉన్నాయి.

రంగెల్ చెవులు రిక్కించాడు. వ్యసనం. స్టామెన్ నోట్లో ఉన్నవి కూడా రంగెల్ కట్టిన పళ్ళే, కాకపోతే ఇవి బిగువుగా కట్టాడు. చప్పుడు చెయ్యవు. చప్పుడు చెయ్యని నోరు నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో అతనికి ఎప్పుడూ తెలిసేది కాదు. రెండు రాజుల్ని ఓడించే జత ఒక్కటే, ఆసులు. వీడి దగ్గర అవే ఉండొచ్చు. పడేస్తే ప్రాణం హాయి. పడేస్తే స్టామెన్ లేవడు. లేవకపోతే చెప్పడు. ఆ ముసలి గుండె ఇంకో మార్చి చూస్తుందో లేదో ఎవరికి తెలుసు? చెప్పకుండా పోతే ఆ రెండు ముక్కలూ మట్టిలోకి పోతాయి, రెండు దవడల మధ్య.

పాత రంగెల్ లోపల నుంచి పడెయ్, పడెయ్ అంటున్నాడు.

"సై," అన్నాడు రంగెల్.

అంతా పెట్టేశాక ముక్కలు తిప్పాలి, దాచుకునే వీల్లేదు. రంగెల్ తన రాజులిద్దర్నీ తిప్పాడు. స్టామెన్ కాసేపు తన ముక్కల మీద అరచెయ్యి ఉంచి, తీశాడు. ఇస్పేటు రాణి, కళావరు రాణి.

"ఇద్దరు పెళ్ళాలతో వేగలేకపోయాను," అన్నాడు.

లజరీనా బల్లమీద మూడు ముక్కలు పరిచింది. నాలుగు, తొమ్మిది. మూడోది ఆఠీను ఆసు. ఎండలో ఆ ఎర్ర గుండె తడిగా మెరిసింది. ఆసు వచ్చి ఎవరికీ మేలు చెయ్యలేదు, ఊరికే వచ్చి కూర్చుంది, చావింటికి వచ్చిన దూరపు చుట్టంలా. నాలుగో ముక్క ఏడు. ఇంకొక్కటుంది. స్టామెన్‌కు రాణి కావాలి. రావలసింది రాణి ఒక్కతే, రానిదీ ఆవిడే. ఐదోది జాకీ.

స్టామెన్ బల్లమీద పిడికిలితో ఒకసారి తట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. కోటు తొడుక్కున్నాడు, ఒక చెయ్యి దొరకలేదు, రంగెల్ లేచి సాయం పట్టబోయి చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్న చొక్కా వదల్లేదు.

"లేచావుగా," అన్నాడు. "చెప్పు."

"ఊపిరి తీసుకోనియ్యి."

"ఏడాది తీసుకున్నావు."

స్టామెన్ అతని మొహంలోకి చూశాడు. అక్కడేం కనపడిందో, వెంటనే చూపు తప్పించి, బల్లమీద పరిచిన ముక్కల మీద నిలిపాడు.

"ఆఠీను ఆసు," అన్నాడు. "అదొక్కటే కనపడిందోయ్. ముక్కలు మరీ పైకెత్తి చూసుకునేవాడు కదా మీ బావ. రెండోదాని మీద బొటనవేలు అడ్డం ఉంది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

సగం ఆసు. సగం ఆశ. ఒకటి ఆసైతే రెండోది కూడా అయ్యుండకూడదా? కాకపోయుండకూడదా? ఏడాదిపాటు తలుపు కొట్టి కొట్టి తెరిపిస్తే, లోపల ఇంకో తలుపు.

సరిగ్గా అప్పుడే అసలు తలుపు తెరుచుకుంది. జ్లాటీనా వచ్చింది. రంగెల్ చెల్లెలు, నెద్యాల్కో భార్య. నల్ల బట్టలు, తలకు నల్ల గుడ్డ, చేతికి మార్చి తోరం లేదు. పళ్ళెంలో, పోయినవాళ్ళ పేర పంచే ఉడకబెట్టిన గోధుమలు, మీద చక్కెర, అక్రోటు పప్పు. చంకలో వైన్ సీసా. గుళ్ళో ప్రార్థన ముగించుకుని ఇటే వచ్చింది. ఆట ఆపారు. తలా ఒక చెంచా కాగితం గ్లాసుల్లో పెట్టుకుంటూ బల్ల చుట్టూ తిరిగింది. అందుకున్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అన్నారు. రంగెల్ దగ్గరికొచ్చినప్పుడు అతను కూడా అన్నాడు. ఎవర్ని క్షమించాలో చెప్పలేదు.

ఆమె ఖాళీ కుర్చీ కింద కొంచెం వైన్ ఒంపింది. తర్వాత ఆ కుర్చీనే లాక్కుని అందులో కూర్చుంది.

"అమ్మా," అంది లజరీనా. "అది..."

"తెలుసులేవే. ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్నదాన్ని, కుర్చీలో కూర్చుంటే మైలపడుతుందా?" ప్లాస్టర్ దవడను దగ్గరికి లాక్కుని, దాని పళ్ళ మీద వేలు పెట్టి ఒక్కో పన్నూ తడిమింది. "అన్నయ్యా, ఇటు రా. కూర్చో."

కూర్చున్నాడు.

"ముసలాయన్ని చొక్కా పట్టుకుని ఏమడుగుతున్నావు? ఆయన ముక్కలేంటనేనా?"

"అవును."

"అది నాకు తెలుసు. పోయినేడు విరామంలో ఆయనే ఫోన్ చేసి చెప్పారు."

రంగెల్ నోరు తెరుచుకుంది. పళ్ళు కట్టేవాడి పళ్ళన్నీ కనిపించాయి. "ఏడాదిగా చెప్పలేదేం?"

"నువ్వు నన్ను అడిగావా? ఊళ్ళో అందర్నీ అడిగావు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని అతనికి అనిపించింది. "ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నేను నిన్నొకటి అడిగాను, గుర్తుందా? ఆ పూట ఆయనలో నీకేమీ తేడా కనపడలేదా అని."

"కనపడలేదన్నాను."

"అన్నావు. నిజమే చెప్పుంటావు. నేనే తప్పుగా అడిగాను. వినపడలేదా అని అడగాల్సింది."

రంగెల్ అద్దాల్లోంచి బయటికి చూశాడు. రేవు మెట్లు ఇక్కడి నుంచి కనపడతాయి. కనపడకుండా కూర్చోవడానికి పొద్దుట్నుంచీ కుర్చీ పక్కకు తిప్పుకునే ఉన్నాడు.

"నువ్వు ముందు ముక్కల సంగతి చెప్పు," అన్నాడు. "తర్వాత నేను చెబుతా."

"అదేం ఆట? మీ ఆటే కదా, రూలు మీదే కదా. చివరగా పందెం పెంచింది ఎవరు? వాళ్ళు ముందు చూపించాలి." ఆమె వేళ్ళు మడవసాగింది. "నలభయ్యో రోజున గొర్రెపిల్లని తెచ్చావు. ఆర్నెల్లకి పైకప్పంతా వేయించావు. శీతాకాలం కట్టెలు దింపించావు. మొన్న పాలరాతి శిలువ. నేను అడిగానా ఒక్కటైనా? పెంచుతున్నావు, పెంచుతున్నావు, నేను పడేస్తానని చూస్తున్నావు. పడెయ్యను అన్నయ్యా. సై అంటున్నా. చూపించు."

లజరీనా పేక బల్లమీద పెట్టేసింది. "ఏం చూపించాలి మావయ్యా?" అంది. చిన్నపిల్ల గొంతు వచ్చింది దానికి.

రంగెల్ దవడ వైపు చూశాడు. తను తీసిన అచ్చే. పై వరసలో ఖాళీ ఉన్న చోట తను నాలుగు పళ్ళు కట్టాడు. ఒక్క మధ్యాహ్నం పని, బిగించడానికి.

"వినపడింది," అన్నాడు.

జ్లాటీనా చెంచా చేతిలోకి తీసుకుంది.

"రెండుసార్లు వినపడింది. నడవాలో గుండెమంట అన్నప్పుడొకసారి. బల్ల దగ్గర ఆసులన్నప్పుడొకసారి. వదులైందిలే అనుకున్నా. అనుకోవాలని అనుకున్నా. నా ముందు కుప్ప చాలా ఉంది, జ్లాటీనా."

లజరీనా అతని వైపు చూడటం మానేసింది. చూసినా బాగుండేది. జ్లాటీనా చాలాసేపు పళ్ళెంలోని గోధుమల్ని చెంచాతో చదును చేస్తూ కూర్చుంది, ఎవరో ఒకవైపు తవ్వేసినట్టు.

"నాకూ వినపడింది," అంది.

"ఏమిటి?"

"పొద్దున్నే. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, బాగానే ఉన్నానే, పడుకో అన్నారు. టక్కుమంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను." చెంచా ఆగింది. "పాలు పొంగలేదు కూడా. వేరే గిన్నె చప్పుడు."

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా ఒకే చప్పుడును రెండిళ్ళలో విడివిడిగా వింటున్న మనుషులు. రంగెల్ ఆమె చేతిమీద చెయ్యి వెయ్యబోయి, వేసే హక్కు ఉందో లేదో తేలక, దవడ మీద వేశాడు.

"మరి ముక్కలు?" అన్నాడు.

"ఆసులే అన్నారు. రెండూ ఆసులేనట. మీ అన్న నా మాట నమ్మి రాజుల్ని పడేశాడే, పిచ్చివెధవ, నేను నిజమే చెప్పాను అన్నారు."

ఏడాదిగా రంగెల్ ఛాతీలో కూర్చున్నదేదో లేచి నిలబడింది. పోవడానికే లేచిందనుకున్నాడు. నిజమే చెప్పాడు. ఆసులే. చప్పుడుకు అర్థం లేదు. కట్టు వదులు, అంతే. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తోచలేదు.

"పూర్తిగా విను," అంది జ్లాటీనా. "నిజమే చెప్పాను అన్నారు చూడు, ఆ మాట దగ్గర ఫోన్లో మళ్ళీ టక్కుమంది."

రంగెల్ ఛాతీలో లేచి నిలబడ్డది తిరిగి కూర్చుంది, ఈసారి కాళ్ళు చాపుకుని.

బయట ఒక పడవ మోటారు దగ్గి, ఆగిపోయింది. తలుపు దగ్గర ముసలి స్టామెన్ గోధుమల గ్లాసు పట్టుకుని, చెంచా నోటి దాకా తెచ్చి, అలాగే ఉండిపోయాడు. కోటు ఒక చేతికే తొడిగి ఉంది. రెండో చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. లేచినవాడు. నోరున్నవాడు. ఆ నోటి వైపు అందరికంటే ముందు లజరీనా చూసింది, తర్వాత బల్లమీద ఇంకా పరిచే ఉన్న ఆఠీను ఆసు వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది.

"తాతా," అంది. "ఆఠీను ఆసు అని చెప్పేటప్పుడు నువ్వు ఎటు చూశావు?"

స్టామెన్ చెంచా గ్లాసులో పెట్టేశాడు. బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు. ఓడినవాడి కుర్చీ ఇంకా అక్కడే ఉంది గానీ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పకూడదు.

"ఆ దవడని కొంచెం అటు తిప్పమ్మా," అన్నాడు. "అది చూస్తుంటే నోరు రావడం లేదు. నేను చూసింది ఒక్క ముక్క కాదు, రెండూ."